హనీమూన్‌కి అండమానే ఎందుకంటే

మాఘమాసంలో మా పెళ్ళయింది. హనీమూన్ అనగానే ఇంట్లో తలో మాట. మా ఆడపడుచు గోవా అంది, మా బాబాయి మాల్దీవులన్నాడు. ఇద్దరం కూర్చుని మాట్లాడుకుంటే తేలింది ఒక్కటే: మాకు సందడి వద్దు, సముద్రం కావాలి. పెళ్ళి హడావిడిలో తీరిగ్గా కబుర్లు చెప్పుకున్నదే లేదు మరి.

అందుకే అండమాన్‌లోని హేవ్‌లాక్ దీవి ఎంచుకున్నాం. 2018లో స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు గానీ, చాలామంది నోట ఇంకా పాత పేరే వినిపిస్తుంది. పోర్ట్‌బ్లెయిర్‌లో టీ తాగుతుంటే పక్కన శ్రీకాకుళం యాస వినబడింది. ప్రాణం లేచొచ్చింది!

రాధానగర్ బీచ్ హేవ్‌లాక్ పడమటి ఒడ్డున ఉంటుంది, సూర్యాస్తమయం అక్కడే చూడాలి. అండమాన్ బాగా తూర్పున ఉంది కదా, మన టైమే అయినా ఐదున్నర ప్రాంతంలోనే పొద్దు గుంకుతుంది. మేం నాలుగింటికే వెళ్ళిపోయాం. వెనక ఎత్తైన చెట్లు, ముందు పిండిలాంటి తెల్లటి ఇసుక. నా కాళ్ళ పారాణి ఇంకా పూర్తిగా పోలేదు. ఆయన నా చెప్పులు కూడా తనే పట్టుకుని నడుస్తూ, చనిపోయిన వాళ్ళ నాన్నగారి గురించి మొదటిసారి చెప్పారు. నాకు ఆ సాయంత్రం చాలు.

శ్రావణంలో పెళ్ళి పెట్టుకున్నవాళ్ళు అడుగుతున్నారు కాబట్టి చెబుతున్నా: వానాకాలంలో సముద్రం బాగోకపోతే దీవుల మధ్య తిరిగే ఫెర్రీలు ఆపేస్తారు. కార్తీకం దాటాక వెళ్ళండి. ఫెర్రీ టికెట్లు మాత్రం ముందే తీసుకోండి.