పెట్టెలో మగ్గని పండు

సాలూరు ఘాట్ ఎక్కి సుంకి చేరామంటే రాష్ట్రం మారి ఒడిశా వచ్చేస్తుంది, చలి కూడా మారుతుంది. విజయనగరం నుంచి వచ్చి, ఇక్కడ సెమిలిగుడ వైపు ఒక స్ట్రాబెర్రీ తోటలో ప్యాకింగ్ షెడ్డు చూసుకుంటున్నాను. ఒడియా అర్థమవుతుంది, మాట్లాడితే మాత్రం కూలీలు నవ్వుతారు. వాళ్లలో సగం మంది తెలుగువాళ్లే కాబట్టి పని ఆగదు.

మావైపు అందరం మామిడి మనుషులం. కాయ ముదిరితే చాలు, గడ్డిలో వేస్తే అదే పండుతుందని నమ్మకం. విశాఖలో మా సరుకు తీసుకునే వ్యాపారీ అంతే. "కాస్త దోరగానే కోసెయ్యండి గురూ, ఇక్కడ మగ్గుతాయి" అంటాడు ఫోన్లో. మామిడికాయలో పిండిపదార్థం దాచుకుని ఉంటుంది, కోశాక అది చక్కెరవుతుంది. స్ట్రాబెర్రీలో అలాంటి నిల్వ దాదాపు ఉండదు. తీపంతా ఆకుల నుంచి ముచ్చిక గుండా రావాల్సిందే. ముచ్చిక తెగితే సరఫరా బంద్. తిరకాసేమిటంటే, రంగు మాత్రం కోశాక కూడా ఎక్కుతుంది. ఇక్కడ తెల్ల బుగ్గలతో బయల్దేరిన కాయ అక్కడికెళ్లేసరికి ఎర్రగా తయారవుతుంది. కొరికితే పులుపే.

పూత నుంచి పండు దాకా సుమారు నెల, చలి ముదిరితే ఇంకొన్ని రోజులు. పైన గింజల్లా కనిపించేవే వృక్షశాస్త్రం లెక్కలో అసలు కాయలట. మనం తినేది ఉబ్బిన పువ్వు అడుగుభాగం. ఆ గింజల నుంచి వచ్చే ఆక్సిన్ అనే హార్మోనే పిందెను పెంచుతుంది. అది తగ్గాక గానీ రంగు తిరగదు.

పచ్చి పిందె నమిలి చూడండి, నాలుక పట్టేస్తుంది. అదంతా టానిన్ల వగరు. ఆ జాతి పదార్థాలు పచ్చికాయలోనే ఎక్కువ, నిజమే, కానీ ఎవరు తింటారు? పండేకొద్దీ అవి తగ్గుతాయి, ఎరుపునిచ్చే ఆంథోసయనిన్లు పెరుగుతాయి. చాలా రకాల్లో సి విటమినూ పెరుగుతుంది. పండిన 100 గ్రాముల్లో దాదాపు 59 మిల్లీగ్రాములు ఉంటుంది. పులుపు తగ్గి తీపి పైకొస్తుంది. వాసన మాత్రం అన్నిటికంటే ఆలస్యం. ఎరుపు నిండాక, చివర్లో వస్తుంది. షెడ్డులో తలుపు తీయగానే గుప్పుమనేది అదే.

మా దగ్గర కోసేవాళ్లలో పార్వతీపురం పిన్ని ఒకావిడ ఉంది. కాయ పట్టుకుని లాగదు. రెండు వేళ్లతో తిప్పి ముచ్చిక కింద చూస్తుంది. పండు కొననుంచి పండుతూ పైకి వస్తుంది కాబట్టి, తెల్లదనం చివరిదాకా దాక్కునేది అక్కడే. "కొన చూసి మోసపోకు బాబూ, మెడ చూడు" అంటుంది. ఆమె గంప మళ్లీ ఏరక్కర్లేదు.

అయినా విశాఖ లోడుకి ముప్పావు ఎరుపులోనే కోయిస్తాం. పూర్తిగా పండితే కణాలను పట్టి ఉంచే పెక్టిన్ కరిగి కండ మెత్తబడుతుంది, ఘాట్ మలుపుల్లో డబ్బా అడుగున నీరు కారుతుంది. తెల్లారకముందే కోసి, చల్లబెట్టి, సున్నా డిగ్రీల దగ్గర ఉంచగలిగితే ఎక్కువ ఎరుపుతో పంపొచ్చు. మా బండిలో ఆ చల్లదనం లేదు. పెట్టించమని యజమానికి చెబుతూనే ఉన్నాను, లెక్కలు చూద్దాం అంటాడు.

మెడదాకా ఎర్రబడినవి కుందులి సంతకి వెళ్తాయి. మా తోటలో బాగా పండినవి అవే, తక్కువ ధర పలికేవీ అవే. మధ్యాహ్నానికల్లా అమ్ముడుపోతాయి.