నా మార్కులు మింగిన రెండు తీటా

మొదటిసారి పరీక్ష రాసేనాటికి మెటీరియల్స్ సైన్స్‌లో సూత్రాలన్నీ నాకు నోటికొచ్చు. మార్కులు మాత్రం రాలేదు. ఎక్కడ పోయాయో చూసుకుంటే సిగ్గేసింది. ఎక్స్‌రే డిఫ్రాక్షన్ (స్ఫటికం నుంచి ఎక్స్‌రేలు ఏ కోణాల్లో బలంగా వస్తాయో చూసి లోపలి అమరిక కనుక్కోవడం) లెక్కలో ఇనుము మొదటి పీక్ 44.7 డిగ్రీల దగ్గర ఇచ్చారు. దాన్ని అలాగే బ్రాగ్ సూత్రంలో (తరంగదైర్ఘ్యం = 2 × తలాల మధ్య దూరం × సైన్ తీటా) పడేశాను. గ్రాఫ్ అడుగున ఉండేది రెండు తీటా, సగం చెయ్యాలి! 22.35 పెట్టి, కాపర్ ఎక్స్‌రే తరంగదైర్ఘ్యం 1.5406 ఆంగ్‌స్ట్రామ్‌లు వేస్తే తలాల మధ్య దూరం 2.03 వస్తుంది. నాకొచ్చింది 1.10. అది 110 అని పిలిచే తలం కాబట్టి రూట్ 2తో గుణించి, ఇనుము లాటిస్ పారామీటర్ (స్ఫటికంలో మళ్లీ మళ్లీ వచ్చే చిన్న ఘనం భుజం) 2.87 వస్తోందా అని చూసుకున్నా అక్కడే దొరికిపోయేది.

పీక్‌ల సైన్ స్క్వేర్ తీటా నిష్పత్తులు చూసి ఆ ఘనం ఏ రకమో చెప్పడంలోనూ ఒక మెలిక ఉంది. 3:4:8:11 కనిపిస్తే ఎఫ్‌సీసీ (మూలల్లో, ముఖాల మధ్యలో పరమాణువులు), అనుమానమే లేదు. బీసీసీ (మూలల్లో, ఘనం నడిమధ్యలో), సింపుల్ క్యూబిక్ (మూలల్లోనే) మాత్రం రెండూ 1:2:3 అనే మొదలవుతాయి. తేడా తెలిసేది ఏడో పీక్ దగ్గర. బీసీసీలో 7 ఉంటుంది, సింపుల్ క్యూబిక్‌లో 6 తర్వాత నేరుగా 8. ఈ అంకెలు 110 లాంటి తలం పేరులోని మూడు పూర్ణాంకాల వర్గాలు కలిపితే వచ్చేవి. అలా 7 తెప్పించండి చూద్దాం, రాదు. బీసీసీలో కనిపించే 7 అసలు 14, సగం చేసి రాసింది.

ఇక టెన్సైల్ టెస్ట్, అంటే లోహపు కడ్డీని తెగేదాకా లాగి, స్ట్రెస్ (బలాన్ని వైశాల్యంతో భాగిస్తే వచ్చేది), స్ట్రెయిన్ (ఎంత నిష్పత్తిలో సాగిందో) గీత గీయడం. గరిష్ఠం దాటాక గీత కిందికి దిగుతుంటే లోహం మెత్తబడుతోందని చాలాకాలం అనుకున్నాను. నెక్ (కడ్డీ ఒకచోట సన్నబడే భాగం) దగ్గర మందం తగ్గిపోతున్నా మనం పాత వైశాల్యంతోనే భాగిస్తున్నాం, అంతే. అప్పటి వైశాల్యంతో లెక్కించే ట్రూ స్ట్రెస్ పెరుగుతూనే ఉంటుంది. పాత వైశాల్యంతో లెక్కించిన ఇంజినీరింగ్ స్ట్రెస్ 400 మెగాపాస్కల్స్, స్ట్రెయిన్ 0.2 అయితే ట్రూ స్ట్రెస్ 480, ట్రూ స్ట్రెయిన్ 0.182. ఈ మార్పిడి నెక్ పడేవరకే చెల్లుతుంది. హోలోమన్ సమీకరణం (ట్రూ స్ట్రెస్ = ఒక స్థిరాంకం × ట్రూ స్ట్రెయిన్‌కి ఒక ఘాతం) పాటించే లోహానికి నెక్ మొదలయ్యే చోట ట్రూ స్ట్రెయిన్, ఆ సమీకరణంలోని ఘాతాంకం సమానం. నన్నడిగితే ఈ ఒక్క ముక్క కోసం ఒక రోజంతా కూర్చున్నా నష్టం లేదు.

లోహాన్ని నొక్కి గట్టిదనం కొలిచే హార్డ్‌నెస్ పరీక్షలకు ఒక సాయంత్రం చాలు. బ్రినెల్‌కి బంతి, విక్కర్స్‌కి 136 డిగ్రీల వజ్రపు పిరమిడ్, ఇంకాస్త.

మైక్రోస్కోపీని విడిగా బట్టీపట్టకండి, టెన్సైల్ గీత పక్కనే పెట్టుకుని చదవండి. బాగా సాగి తెగిన ముక్కని ఎస్‌ఈఎంలో (స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో) చూస్తే చిన్న చిన్న గుంటలు, పెళుసుగా విరిగితే చదునైన మెరిసే ముఖాలు. రెండోసారి పరీక్షలో గుంటల ఫొటో ఇచ్చి, నాలుగు గీతల్లో దీనిది ఏదని అడిగారు. దాని తర్వాతిదే డిఫ్రాక్షన్ లెక్క. కోణం పక్కన ముందు 'సగం' అని రాసుకున్నాకే కాలిక్యులేటర్ ముట్టుకున్నాను.