టైబీరియస్ వెండి, నీరో వెండి

నా దగ్గరున్న రోమన్ నాణేల్లో నాకు బాగా ఇష్టమైంది టైబీరియస్ చక్రవర్తిది. బరువు 3.71 గ్రాములు. మన రూపాయి బిళ్ళ కన్నా చిన్నది, మందం మాత్రం ఎక్కువ. ఒక పక్క చక్రవర్తి తల, దాని చుట్టూ ఆకుల దండ, మెడ వెనక వేలాడే రిబ్బను కొసలు. రెండో పక్క కుర్చీలో కూర్చున్న స్త్రీ, ఒక చేతిలో పొడుగాటి దండం, ఇంకో చేతిలో చిన్న కొమ్మ. అటూ ఇటూ ‘పాంటిఫ్ మాక్సిమ్’ అని అక్షరాలు. ప్రధాన పూజారి అని చక్రవర్తికి ఉండే బిరుదు అది. మా షాపు పక్కన టైలరన్న ఆదివారం చర్చి తప్పడు. ఆయనకు చూపిస్తే అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసి, “ఇదేనా అప్పా కైసరు దేనారం?” అన్నాడు. దేనారం అంటే రోమన్ వెండి నాణెం. ‘కైసరుది కైసరుకే ఇవ్వండి’ అన్నప్పుడు ఏసుకు చూపించింది ఈ రకం నాణెమే అయ్యుంటుందని చాలామంది నమ్మకం.

మాది ప్రొద్దుటూరు. ఊరికి బంగారంతో పేరొచ్చినా మా ఇంట్లో జేజినాయన కాలం నుంచీ వెండి పనే. పట్టీలు, మొలతాళ్ళు, కుంకుమ భరిణెలు. అందుకే రోమన్ నాణెం చేతికొస్తే చక్రవర్తి ముఖం కన్నా ముందు తూకం, టచ్ (అంటే వెండి ఎంత స్వచ్ఛం అన్నది) చూస్తాను. ఈ నాణేల కథలో నన్ను పట్టేసింది కూడా అదే.

దక్షిణ భారతదేశంలో దొరికిన రోమన్ వెండి నాణేల్లో చాలావరకు రెండే రకాలు. ఒకటి టైబీరియస్‌ది. రెండోది అంతకుముందు అగస్టస్ వేయించింది. దాని వెనకవైపు ఆయన దత్తపుత్రులు గేయస్, లూషియస్ డాళ్ళు, బల్లేలతో నిలబడి ఉంటారు. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో ఒకేచోట 1,500 పైచిలుకు వెండి నాణేలు బయటపడితే, వాటిలోనూ ఈ ఇద్దరివే ఎక్కువ. ఆ తర్వాతి చక్రవర్తుల వెండి మన నేలలో బాగా అరుదు.

ఎందుకని? అగస్టస్ కాలంలో ఒక రోమన్ పౌండు (దాదాపు 327 గ్రాములు) వెండికి 84 నాణేలు కొట్టేవాళ్ళు. అంటే ఒక్కోటి 3.9 గ్రాముల దగ్గర, దాదాపు స్వచ్ఛమైన వెండి. క్రీ.శ. 64లో నీరో చక్రవర్తి పౌండుకు 96 చేశాడు, పైగా రాగి కలిపించాడు. అంటే బరువులో అర గ్రాము పోయింది, టచ్ కూడా పడిపోయింది. రోమ్ వీధుల్లో రాజముద్ర చూసి తీసుకుంటారు. సముద్రం దాటాక ఆ ముద్రకు విలువేముంది? మిరియాలు, ముత్యాలు అమ్మే మనిషి తక్కెట్లో వేసి చూస్తాడు. కొత్త నాణెం వద్దు, పాతదే తెమ్మని ఇక్కడి వర్తకులు పట్టుబట్టి ఉంటారని నా నమ్మకం. పాత నాణేలనే ఏరి ఓడెక్కించారని కొందరు పండితులూ అంటారు.

నా నమ్మకానికి ఆ కాలపు రోమన్ రచయిత ప్లినీ రాతల్లో ఒక బలం దొరికింది. క్లాడియస్ చక్రవర్తి కాలంలో ఒక రోమన్ మనిషి సింహళ ద్వీపానికి కొట్టుకొస్తాడు. అతని దగ్గరున్న దేనారాలు చూసి అక్కడి రాజు ఆశ్చర్యపోతాడట. తలలు వేరు, వేయించిన రాజులు వేరు, బరువు మాత్రం ఒక్కటే! రోమన్ల నిజాయతీని ఆయన అలా కొలిచాడు. ఇండియా ఏటా 5 కోట్ల సెస్టెర్షియస్‌లు (రోమన్ల చిన్న నాణెం) పట్టుకుపోతోందని వాపోయిందీ ఈ ప్లినీయే. నాలుగు సెస్టెర్షియస్‌లు ఒక దేనారం. అంతా వెండే అనుకుంటే కోటీ 25 లక్షల నాణేలు, 47 టన్నులు పైమాటే. బంగారం కూడా వచ్చింది కాబట్టి అంత వెండి దిగి ఉండదు గానీ, ఆ లెక్క వేసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కొనేవాళ్ళకు రెండు మాటలు. ముందు అంచు చూడండి. పోత పోసిన నకిలీకి అంచు చుట్టూ సన్నటి అతుకు గీత కనిపిస్తుంది, అక్షరాలు సబ్బు అరిగినట్టు మొద్దుగా ఉంటాయి. అసలు నాణెం అచ్చుల మధ్య పెట్టి సుత్తితో కొట్టింది, అందుకే అంచులో చిన్న చిన్న చీలికలు సహజం. లోపల రాగి పెట్టి పైన వెండి రేకు తొడిగినవి ఆ కాలంలోనే ఉన్నాయి. మనదేశంలో దొరికిన కొన్ని నాణేల మీద ఉలిగాట్లు కనిపిస్తాయి. ఆ రాజు అధికారం ఇక్కడ చెల్లదని చూపించడానికని కొందరంటారు. నాకైతే లోపల ఏముందో చూసుకున్న కంసాలి చెయ్యే కనిపిస్తుంది. ఇప్పుడు గాటు అక్కర్లేదు, మెషిన్‌లో పెట్టి టచ్ చూడొచ్చు. కాకపోతే అది పైపొర సంగతే చెబుతుంది. పాత వెండిలో పైనున్న రాగి కాలక్రమేణా కరిగిపోయి టచ్ ఎక్కువ చూపిస్తుంది. మెషిన్ అంకెతో పాటు తూకం కూడా చూడాల్సిందే.

దయచేసి విభూతి, చింతపండు పెట్టి తోమొద్దు. ఆ నలుపు పోతే అక్షరాల లోతు పోతుంది, ధర కూడా పోతుంది.

ఇంకొకటి, ఇది నా గుండెల్లో ఉన్న బాధ. వానలు పడగానే కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం వజ్రాల కోసం వెతుకుతారు. వజ్రమే కాదు, పాత నాణేల కుండ కూడా ఎవరికైనా తగలొచ్చు. 1878 నాటి చట్టం ప్రకారం అలాంటి నిధి దొరికితే కలెక్టరుకు చెప్పాలి. చెప్పకుండా కరిగించే చోటికి తీసుకొస్తే, ఎక్కడ దొరికింది, ఎవరి పక్కన ఎవరి నాణెం ఉంది అన్న సమాచారమంతా మూసలో పోతుంది. అలాంటి సరుకు మా గడప తొక్కితే నేను తూకానికి కూడా పెట్టను. నేను కొనేది బిల్లు ఇచ్చే డీలర్ల దగ్గరే.

ఇప్పుడు నీరో నాణెం కోసం చూస్తున్నాను, 64 తర్వాతిది. దొరికితే రెండింటి బరువు, టచ్, అంచుల ఫొటోలు పక్కపక్కన ఇక్కడే పెడతాను.