కోసిన షీటు ముక్క

పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం. పల్నాడు ఎండ సంగతి తెలుసుగా, రోడ్డు మీద కుక్క కూడా లేదు. ఒక పెద్దాయన గొడుగు ముడుచుకుంటూ మా మందుల షాపు మెట్లెక్కి, చొక్కా జేబులోంచి రెండు బిళ్ళలు మిగిలిన షీటు ముక్క తీసి "ఇవే ఇంకో పది ఇవ్వు బాబూ" అన్నారు.

తిప్పి చూస్తే పేరులో చివర 'పిరైడ్' అన్న తోక మాత్రం ఉంది. ముందు సగం, కంపెనీ, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ అన్నీ కత్తెర పాలైపోయాయి. డాక్టరు చీటీ లేదు. దేనికి వాడుతున్నారు తాతగారూ అంటే, "అమ్మాయి తెచ్చింది, టిఫిన్‌కి ముందు వేసుకోమంది, అంతే."

ఆ తోకతో ముగిసే మందులు నా వెనక అరల్లో రెండున్నాయి. గ్లిమిపిరైడ్ షుగర్‌కి, లెవోసల్పిరైడ్ పొట్ట ఉబ్బరానికి, అజీర్తికి. రెండూ టిఫిన్‌కి ముందే వేసుకోమంటారు, అదీ చిక్కు. నిజం చెప్పాలంటే ముందు నా చెయ్యి షుగర్ అర వైపే పోయింది, రోజంతా ఎక్కువ తీసేది అదే కాబట్టి. తీరా వాళ్ళ అమ్మాయికి ఫోన్ చేసి చీటీ ఫొటో వాట్సాప్‌లో పెట్టించుకుంటే ఆయనకి షుగరే లేదు, గ్యాస్ మందు అది. షుగర్ లేని మనిషి గ్లిమిపిరైడ్ మింగితే చెమటలు, వణుకు, కళ్ళు తిరిగి పడిపోవడం, ఇంట్లో ఒక్కరే ఉంటే ఇంకేమన్నా ఉందా! ఆ పూట నేను అన్నం సరిగ్గా తినలేదు.

పేర్ల గొడవ కొత్తదేం కాదు. ఫాల్సిగో, ఫాల్సిటాబ్ అనే రెండు మలేరియా మందుల పేర్ల తగాదా సుప్రీంకోర్టు దాకా పోతే, మందుల పేర్ల పోలికని మామూలు సరుకుల కంటే కఠినంగా చూడాలని 2001లోనే చెప్పింది. అయినా మా అరల్లో కవలలకి కొదవ లేదు. అందుకే పేర్లు కలిసే మందుల్ని నేను పక్కపక్కన పెట్టను, అక్షర క్రమం చెడినా సరే.

అలాగని షీట్లు కోయడం మానేస్తామా అంటే కుదరదు. యాభై రూపాయలు చేతిలో పెట్టుకుని వచ్చినవాడికి మొత్తం షీటు కొనమని ఎలా చెప్తాం? కాకపోతే కోసేదానికో పద్ధతుంది. బ్యాచ్, ఎక్స్‌పైరీ ఉన్న చివర షాపులోనే మిగలాలి, అవతలి చివర నుంచి కోయాలి, కోసి ఇచ్చే ముక్కకి కాగితం కవరు మీద మందు పేరు, బ్యాచ్, ఎక్స్‌పైరీ రాసివ్వాలి, బిల్లు మీద ఎలాగూ ఉండాలి. రద్దీలో రాయడానికి బద్ధకమే, నాకూ బద్ధకమే. కానీ 2025 అక్టోబరులో కోల్డ్‌రిఫ్ దగ్గు మందు గోల గుర్తుందా? మధ్యప్రదేశ్ ఛింద్వారాలో పిల్లలు చనిపోయారు, తమిళనాడు ల్యాబ్‌లో పరీక్షిస్తే అందులో డైఎథిలిన్ గ్లైకాల్ అనే విషం 48.6 శాతం తేలింది. ఆపేయమని తెలంగాణ డ్రగ్స్ కంట్రోల్ వాళ్ళు ఇచ్చిన హెచ్చరికలో మందు పేరుతో పాటు ఎస్ఆర్-13 అని బ్యాచ్ నంబరు ఉంది. మందు ఎవరికి అమ్మామో వెతకాలంటే ఆ నంబరే దారి. బిల్లు లేని చోట ఎవరిని వెతుకుతాం?

"బిల్లెందుకులే" అనేవాళ్ళకి నేను ఊరికే అయినా బిల్లు చేతిలో పెడతాను. నవ్వుతారు. పర్లేదు.

యాంటీబయాటిక్స్ విషయంలో మాత్రం నవ్వరు, తిడతారు. సెఫిక్సిమ్ లాంటి యాంటీబయాటిక్స్, వాటితో పాటు ట్రమడాల్ అనే నొప్పి మందు, ఆల్ప్రజోలామ్ అనే ఆందోళన మందు లాంటివి షెడ్యూల్ హెచ్1 అనే ప్రభుత్వ జాబితాలో ఉన్నాయి. 2014 మార్చి నుంచి వీటికి చీటీ చూడటమే కాదు, రాసిన డాక్టరు, రోగి, మందు, ఎన్ని ఇచ్చామో విడిగా రిజిస్టర్లో ఎక్కించి మూడేళ్ళు దాచాలి. పెట్టె మీద ఎర్ర గీతల గడిలో హెచ్చరిక ఉంటుంది, చూడండి. "పక్క షాపులో అడక్కుండానే ఇచ్చాడే" అంటారు. ఇచ్చే ఉంటాడు. సర్టిఫికెట్ గోడ మీద, ఆ ఫార్మసిస్టు వేరే ఊళ్ళో ఉండే షాపులు ఎన్ని లేవు!

ఇక ఇన్సులిన్ ఫ్రిజ్. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, ఐసు గడ్డకి ఆనకూడదు, గడ్డకట్టిందంటే మళ్ళీ కరిగినా పారేయాల్సిందే. లోపల థర్మామీటర్ పెట్టి పొద్దున, సాయంత్రం రాసుకుంటాను. పక్క టీ కొట్టతను పాల ప్యాకెట్లు పెట్టుకుంటానని నెలకోసారి అడుగుతాడు. తలుపు ఊరికే తెరుస్తుంటే చల్లదనం నిలవదయ్యా అంటే అర్థం కాదు, నాకు పొగరనుకుంటాడు.

పెద్దాయన ఇప్పుడు చీటీతోనే వస్తున్నారు. ఆ షీటు ముక్కని మాత్రం నేను కౌంటర్ అద్దం కింద అతికించి ఉంచుకున్నాను. మొన్న కొత్తగా పనిలో చేరిన కుర్రాడికి చూపించి ఇదేం మందో చెప్పరా అన్నాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు వాడు. "షుగర్ బిళ్ళ కదన్నా" అన్నాడు.