ముళ్లకంచెకు అటూ ఇటూ

ఆగస్టు, శనివారం. మసాయి మారా, కెన్యా.

ఈరోజు కంటి శిబిరానికి సెలవు. ఐదు రోజులుగా టార్చి పట్టుకుని పట్టుకుని కుడిచేతి బొటనవేలు వాచింది. ఇంత దూరం వచ్చి అడవి చూడకుండా వెళ్తారా అని ఇక్కడి చర్చి సంఘం వాళ్లే బండి మాట్లాడి పెట్టారు. తెల్లవారుజామున ఐదింటికి లేచేసరికి గజగజ వణికించే చలి. ఈ మైదానమంతా సముద్రమట్టానికి 1,500 మీటర్ల పైన ఉంది. భూమధ్యరేఖ దగ్గరే అయినా ఆగస్టు ఉదయాలు మా గుంటూరు జనవరి కంటే చల్లగా ఉన్నాయి. దుప్పటి కప్పుకునే బండెక్కాను. ఫ్లాస్కులో పాలు పోసి మరిగించిన టీ. స్వాహిలీలోనూ దాన్ని చాయ్ అనే అంటారు.

ఆరింటికి అభయారణ్యం సెకనాని గేటు తెరిచారు. మా పాస్టరు అయ్యగారు బండిలోనే చిన్న ప్రార్థన చేశారు. డ్రైవరు మసాయి కుర్రాడు, ఇక్కడి పశువుల కాపరుల తెగవాడు, పాతికేళ్లు ఉంటాయేమో. "బ్వానా అసిఫివే" అన్నాడు. ప్రభువుకు స్తోత్రం అని అర్థం. మేమందరం "ఆమెన్" అన్నాం. ఇక్కడ మేం మొదట నేర్చుకున్న పలకరింపు అదే.

లోపలికి వెళ్లిన కాసేపటికే వైల్డ్‌బీస్ట్‌ల మంద కనిపించింది, ఆవు కొమ్ముల్లాంటి కొమ్ములున్న పెద్ద జింకజాతి జంతువులు అవి. మంద అంటే సరిపోదు, కొండవాలు మొత్తం కదులుతోంది. వానల వెంబడి, పచ్చగడ్డి వెంబడి ఏటా పది లక్షలకు పైగా జంతువులు టాంజానియాలోని సెరెంగెటి నుంచి ఇటు వస్తాయి. అక్టోబరు, నవంబరు నాటికి తిరుగుముఖం పడతాయి. వాటి అరుపు విన్నవాళ్లకే తెలుస్తుంది: తొలకరి రాత్రి ఊరి చెరువులో కప్పలన్నీ ఒక్కసారి మొదలుపెట్టినట్టు ఉంటుంది. మధ్య మధ్య జీబ్రాలు. మనం చారల గుర్రం అంటాం, వీళ్లు 'పుండా మిలియా', అంటే చారల గాడిద అంటారు. ఏనుగులు కూడా కనిపించాయి, చాలా దూరంలో.

తొమ్మిదింటికి రేడియోలో ఏదో మాట వినిపించింది. డ్రైవరు బండిని ఎడమవైపు మళ్లించి ఒక పొద దగ్గర ఇంజను ఆపేశాడు. ఎండిన గడ్డిలో ఆడసింహం పడుకుని ఉంది, పక్కన మూడు పిల్లలు.

పది అడుగుల దూరం కూడా లేదు. సినిమాల్లో చూసి నేను ఊహించుకున్న సింహం కాదు ఇది. పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. పొట్ట లోపలికి పోయి ఉంది. ఎడమచెవి చివర చిరిగి, ఎండిపోయిన రక్తం మీద ఈగలు ముసురుతున్నాయి. పిల్లల కాళ్ల మీద చిన్నప్పటి మచ్చలు ఇంకా పోలేదు. వాటిలో ఒకటి తల్లి తోక చివరి నల్లకుచ్చును పట్టుకుని లాగుతోంది, ఇంకొకటి ఆమె పొట్ట కింద పాల కోసం మూతితో వెతుకుతోంది. పాలు ఉన్నాయో లేవో, అది అటూ ఇటూ మారుతూనే ఉంది. ముప్పై ఏళ్లు నర్సుగా కాన్పుల వార్డులో చేశాను. ఆ వెతుకులాట నాకు తెలుసు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

బండిలో అందరూ మెల్లగా "స్తోత్రం, స్తోత్రం" అంటున్నారు. డ్రైవరు మాత్రం ఏమీ అనలేదు. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ఎదురుగా చూస్తున్నాడు. ఏమైంది నాయనా అని అడిగాను. మా అమ్మాయి ఇంగ్లీషులో చెప్పింది. అతను కొంచెంసేపు ఆగి ఇలా అన్నాడు: "ఇవి ఉన్నాయి కాబట్టే నాకు జీతం వస్తోంది, అమ్మా. మా నాన్నకు మాత్రం ఇవి ఆవుల దొంగలు. పోయిన ఏడాది ఒక్క రాత్రిలో రెండు పోయాయి."

అప్పుడు బుధవారం శిబిరానికి వచ్చిన అవ్వ గుర్తొచ్చింది. రెండు కళ్లలోనూ శుక్లాలు. చూపు ఎప్పటి నుంచి తగ్గిందని అడిగితే ఏళ్లలో చెప్పలేదు. ఎర్రమచ్చల పెయ్య చచ్చిపోయిన వానాకాలం నుంచి అంది. ఆ పెయ్యకు ఒక పేరు ఉంది, ఆ పేరు చెబుతుంటే ఆమె గొంతు పూడుకుపోయింది. లోకంలోని ఆవులన్నింటినీ దేవుడు తమకే ఇచ్చాడని మసాయిల నమ్మకం. రాత్రి కాగానే మందను దొడ్డిలోకి తోలి, చుట్టూ తుమ్మ ముళ్లకంప వేస్తారు. ఆ రాత్రి దుమ్ములగొండ్లు కంప సందులోంచి దూరాయట. అలికిడి వినిపించి బయటికి వచ్చిందట గానీ ఎటు చూడాలో తెలియలేదట. "కళ్లు కనబడితే నా పెయ్యను కాపాడుకునేదాన్ని" అంది. ఆ మాట రాసుకునే చోటు మా కేసు కాగితంలో లేదు. పక్కన ఖాళీలో పెన్సిలుతో రాసి ఉంచాను.

ఇప్పుడు వాళ్ల దొడ్డికి నాలుగు మూలలా మినుకుమినుకుమనే దీపాలు పెట్టారు. నైరోబీ నేషనల్ పార్కు అంచున పెరిగిన రిచర్డ్ టురెరె అనే మసాయి పిల్లవాడు కనిపెట్టిన ఉపాయమట అది. కదిలే వెలుతురు చూస్తే సింహం దగ్గరకు రాదని గమనించి, పాత కారు బ్యాటరీతో, విరిగిపోయిన టార్చిల బల్బులతో వరసగా వెలిగి ఆరే దీపాలు చేశాడు. మనిషి టార్చి పట్టుకుని కాపలా తిరుగుతున్నాడని సింహం అనుకుంటుంది. ఆవు బతుకుతుంది, సింహాన్ని బల్లెంతో పొడవాల్సిన పనీ పడదు. పన్నెండేళ్లు కూడా నిండని పిల్లవాడికి వచ్చిన ఆలోచన ఇది. విన్నప్పటి నుంచి నాకు ఆ పిల్లవాడిని ఎత్తుకుని ముద్దు పెట్టుకోవాలని ఉంది. ఇప్పటికి పెద్దవాడై ఉంటాడు.

సాయంత్రం ప్రార్థనలో అయ్యగారు నూటనాలుగో కీర్తన చదివారు. సింహపు పిల్లలు తమ ఆహారాన్ని దేవుని దగ్గర అడుగుతాయని అందులో ఉంది. చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు విన్నానో. పొద్దున పాల కోసం వెతికిన ఆ మూతి కళ్ల ముందు కదిలింది, వెంటనే అవ్వ గొంతు వినిపించింది. ప్రార్థన అంశాలు చెప్పమన్నప్పుడు రెండూ చెప్పాను: ఆ తల్లికి రాత్రి వేట దొరకాలి, అవ్వ దొడ్డి మీదికి ఏదీ రాకూడదు. ఎవరూ నవ్వలేదు. డ్రైవరు అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నాడు.

మా నాయనమ్మ కాన్పులన్నీ గుంటూరు కుగ్లర్ ఆసుపత్రిలోనే జరిగాయి. 1883లో అమెరికా నుంచి వచ్చిన డాక్టరమ్మ అన్నా కుగ్లర్ మొదలుపెట్టిన పని అది. ఆ డాక్టరమ్మ కూడా మొదటి రోజుల్లో ఎవరో ఒక అవ్వ మాటను కాగితం అంచున రాసుకుని ఉంటుందా అని ఈ రాత్రి ఎందుకో అనిపిస్తోంది.

తొమ్మిది దాటింది. దూరంగా దుమ్ములగొండి కూత, కింది నుంచి పైకి సాగుతూ. గుడారం గుడ్డ తొలగించి చూస్తే అవతలి గట్టు మీద దీపాలు ఒకదాని తర్వాత ఒకటి వెలిగి ఆరుతున్నాయి. నాలుగూ లెక్కపెట్టాను. సోమవారం ఏడింటికి శుక్లాల ఆపరేషను కోసం నరోక్ వెళ్లే బండిలో అవ్వకు ముందు సీటు ఉంచమని చెప్పాను. ఆమె కాగితం నా బైబిల్లో ఉంది.