ఫార్మాట్ కొట్టకుండా విండోస్ మళ్లీ ఎక్కించడం

స్టార్ట్ మెనూ తెరుచుకోదు. అప్‌డేట్ సగం దాకా వెళ్లి వెనక్కి వచ్చేస్తుంది. సెట్టింగ్స్ నొక్కితే ఒక్క క్షణం కనపడి మాయమవుతుంది. షాపుకు తీసుకెళ్తే "ఫార్మాట్ కొట్టేద్దాం, డేటా ఎక్కడికీ పోదు" అంటారు. సీ డ్రైవ్‌లో ఉన్నదాన్ని ముందే కాపీ చేసుకుంటే డేటా నిజంగానే పోదు, పోయేది ప్రోగ్రామ్‌లు. అను స్క్రిప్ట్ మేనేజర్, పేజ్‌మేకర్, పాత ప్రింటర్ డ్రైవర్ ఉన్న డీటీపీ సిస్టమ్‌లో ఆ సీడీలు, సీరియల్ నంబర్లు ఎక్కడున్నాయో వెతుక్కోవడమే పెద్ద పని.

ప్రోగ్రామ్‌లన్నీ డీ డ్రైవ్‌లో ఉన్నాయి కాబట్టి సీ ఒక్కటే ఫార్మాట్ చేస్తే చాలనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. డీలో ఉండేది ప్రోగ్రామ్ ఫోల్డర్ మాత్రమే. దాని రిజిస్ట్రీ ఎంట్రీలు, సర్వీసులు, ప్రోగ్రామ్‌డేటా, యాప్‌డేటా ఫోల్డర్లలోని సెట్టింగ్‌లు అన్నీ సీలోనే ఉంటాయి. సీ తుడిచేశాక డీలో మిగిలేది ఉత్త డొల్ల. రీసెట్ దిస్ పీసీలో ఉండే 'కీప్ మై ఫైల్స్' కూడా ఇలాంటి మోసమే. ఫైళ్లు ఉంచుతుంది, ప్రోగ్రామ్‌లు తీసేస్తుంది, తీసేసినవాటి జాబితా డెస్క్‌టాప్ మీద పెడుతుంది.

కావలసింది రిపేర్ ఇన్‌స్టాల్, అంటే ఫైళ్లు, ప్రోగ్రామ్‌లు ఉంచి విండోస్‌ను మాత్రమే మళ్లీ ఎక్కించడం. ఇందులో ఒక్కటే నియమం: సెటప్‌ను నడుస్తున్న విండోస్ లోపలి నుంచే మొదలుపెట్టాలి. పెన్‌డ్రైవ్‌తో బూట్ చేస్తే ప్రోగ్రామ్‌లు ఉంచే దారి ఉండదు. సేఫ్ మోడ్‌లోనూ కుదరదు. విండోస్ అసలు తెరుచుకోకపోతే ముందు రికవరీ స్క్రీన్‌లో స్టార్టప్ రిపేర్ చేయండి, లేదంటే చివరగా పడిన అప్‌డేట్ తీసేసి చూడండి. ఎలాగోలా డెస్క్‌టాప్ దాకా రాగలిగితేనే ఈ పద్ధతి పనికొస్తుంది.

మొదలుపెట్టేముందు డిస్క్ ఆరోగ్యం చూడండి. డిస్క్ పరిస్థితి చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ప్రోగ్రామ్‌లో 'కాషన్' అని పసుపు రంగు కనపడితే విండోస్ సంగతి పక్కనపెట్టి డేటా బయటికి తీయండి. చావబోయే హార్డ్‌డిస్క్ మీద రిపేర్ నడపడమంటే దాన్ని త్వరగా చంపడమే. డిస్క్ బాగుంటే సీలో కనీసం 20 జీబీ ఖాళీ చేయండి, 30 ఉంటే నిశ్చింత. బయటి యాంటీవైరస్ ఉంటే ఆపడం కాదు, అన్‌ఇన్‌స్టాలే చేయాలి. డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో అది మనకు తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది. డీటీపీ సిస్టమ్ అయితే ఫాంట్ల ఫోల్డర్‌ను కూడా పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. సాధారణంగా అవి అలాగే ఉంటాయి, కానీ ఒక్క అను ఫాంట్ పోయినా పాత ఫైల్ అంతా గజిబిజి అక్షరాలే.

ఇక ఐఎస్ఓ ఫైల్, అంటే విండోస్ సెటప్ మొత్తం ఉండే ఒకే ఫైల్. విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ సైట్‌లో నేరుగా దొరుకుతుంది. 10కి మీడియా క్రియేషన్ టూల్‌తో దింపుకోవాలి. 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసినా రిపేర్‌కు అడ్డేమీ లేదు. ఫైల్ మీద డబుల్ క్లిక్ చేస్తే అది డ్రైవ్‌లా తెరుచుకుంటుంది. అందులో సెటప్ నడపండి. 'చేంజ్ హౌ సెటప్ డౌన్‌లోడ్స్ అప్‌డేట్స్' నొక్కి 'నాట్ రైట్ నౌ' ఎంచుకోండి, అప్‌డేట్ల దగ్గర వేలాడటం తప్పుతుంది. చివరి స్క్రీన్ మీద రెండు వరుసలు ఉంటాయి: ఏ ఎడిషన్ ఎక్కుతుందో ఒకటి, 'కీప్ పర్సనల్ ఫైల్స్ అండ్ యాప్స్' ఇంకొకటి. ఈ రెండో వరుస అక్షరం పొల్లుపోకుండా కనపడితేనే ఇన్‌స్టాల్ నొక్కండి. 'అండ్ యాప్స్' లేకపోతే వెంటనే క్యాన్సిల్ చేయండి. అక్కడిదాకా సిస్టమ్‌లో ఏదీ మారి ఉండదు.

ఫైళ్లు, యాప్స్ ఉంచే ఆ ఆప్షన్ ఎంచుకోలేకుండా బూడిద రంగులో ఉందంటే ఎక్కువసార్లు భాషే కారణం. ఇంగ్లిష్ యునైటెడ్ స్టేట్స్, ఇంగ్లిష్ ఇంటర్నేషనల్ మనకు ఒకటే అనిపిస్తాయి, సెటప్‌కు మాత్రం వేర్వేరు భాషలు. అడ్మిన్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో dism /online /get-intl అని కొడితే 'డిఫాల్ట్ సిస్టమ్ యూఐ లాంగ్వేజ్' చూపిస్తుంది. ఈఎన్-యూఎస్ అని ఉంటే యునైటెడ్ స్టేట్స్ ఐఎస్ఓ, ఈఎన్-జీబీ అని ఉంటే ఇంటర్నేషనల్. తెలుగు ప్యాక్ వేసుకున్నా అడుగున ఉండేది ఇంగ్లిషే. తెలుగు ఐఎస్ఓ కోసం వెతక్కండి, అలాంటిది లేదు. తర్వాతి అనుమానాలు హోమ్, ప్రో లాంటి ఎడిషన్ తేడా, ఇప్పుడున్న విండోస్ కన్నా పాత వర్షన్ ఐఎస్ఓ. విన్‌వర్ అని రన్‌లో కొడితే మీ వర్షన్ తెలుస్తుంది.

పని గంట నుంచి రెండు గంటలు పడుతుంది, పాత హార్డ్‌డిస్క్ అయితే ఇంకా ఎక్కువ. మధ్యలో రెండు మూడుసార్లు రీస్టార్ట్ అవుతుంది. ల్యాప్‌టాప్‌కు చార్జర్, డెస్క్‌టాప్‌కు యూపీఎస్ ఉండాల్సిందే.

మధ్యలో విఫలమైతే పాత విండోస్‌కే తిరిగొస్తుంది, ఎర్రర్ కోడ్ చూపిస్తుంది. 0ఎక్స్‌సీ1900101తో మొదలైతే ఎక్కువగా డ్రైవర్ తగాదా: కీబోర్డ్, మౌస్ తప్ప యూఎస్‌బీలన్నీ పీకేసి మళ్లీ నడపండి. 0ఎక్స్80070070 అంటే చోటు చాల్లేదు. సిస్టమ్ రిజర్వ్‌డ్ పార్టిషన్ అప్‌డేట్ చేయలేకపోయాం అంటే మాత్రం నిండింది సీ కాదు, 100 ఎంబీ ఉండే చిన్న బూట్ పార్టిషన్. అది తెలియక సీ ఖాళీ చేస్తూ కూర్చోకండి. మిగతావాటికి సీలో దాగి ఉండే '$విండోస్.~బీటీ' ఫోల్డర్‌లో సోర్సెస్, దానిలో పాంథర్ తెరిచి సెటప్‌ఎర్ర్ లాగ్ (setuperr.log) చివరి వరుసలు చదవండి.

కొత్త విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలో 'ఫిక్స్ ప్రాబ్లమ్స్ యూజింగ్ విండోస్ అప్‌డేట్' అని ఇదే పనికి బటన్ ఉంది. అప్‌డేట్ సర్వీసే చెడిపోతే అది కదలదు, ఐఎస్ఓ దారే నమ్మకం.

ముగిశాక పాత రీస్టోర్ పాయింట్లు ఉండవు. పాత విండోస్ ఉండే విండోస్.ఓల్డ్ ఫోల్డర్ 10 రోజులు ఉండి దానంతటదే పోతుంది. వెనక్కి వెళ్లే 'గో బ్యాక్' దాని మీదే ఆధారపడుతుంది కాబట్టి చోటు కోసం తొందరపడి తుడవకండి. ముందు పేజ్‌మేకర్‌లో పాత పెళ్లిపత్రిక ఒకటి తెరిచి, ఒత్తులు గుణింతాలు సరిగ్గా ఉన్నాయో చూసి, ఒక పేజీ ప్రింట్ తీయండి.