బేసిక్ ఎంత?

దుబాయ్‌లో కంపెనీ మోసం అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేవి పాస్‌పోర్టు గుంజుకోవడం, నెలల తరబడి జీతం ఆపడం. అవి ఇప్పటికీ ఉన్నాయి, కాకపోతే వాటికి తప్పు అనే పేరైనా ఉంది. 2009లో డబ్ల్యూపీఎస్, అంటే జీతాల చెల్లింపు మీద ప్రభుత్వం కన్నేసే పద్ధతి, పెట్టాక జీతం బ్యాంకు దారిలోనే పడాలి, ఆలస్యమైతే మంత్రిత్వ శాఖకు తెలుస్తుంది. ఒక కాంట్రాక్టు కంపెనీలో జీతాల లెక్కలు చూసే నాకు ఎక్కువ ఒళ్లు మండేది చట్టం దాటకుండా చేసే పని చూసినప్పుడు. జీతాన్ని ముక్కలు చేయడం.

నెలకు 1,200 దిర్హాములంటారు. కాగితం మీద బేసిక్, అంటే మూల జీతం, 600, మిగతా 600 అలవెన్సులు. నెలనెలా చేతికొచ్చేది అంతే కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఓటీ (అదనపు గంటల పనికి ఇచ్చే డబ్బు) కట్టేది మాత్రం బేసిక్ మీద. పావు వంతు కలిపి ఇచ్చినా గంటకు 3 దిర్హాములు, పైన కొంచెం చిల్లర. మొత్తం బేసిక్కే అయితే 6 దాటేది. ఉద్యోగం ఖతం చేసుకుని ఇంటికి పోయేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీదీ అదే కథ: మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, తర్వాత 30 రోజులది. పదేళ్లు ఎండలో పనిచేసినోడికి 10,200 రావలసిన చోట 5,100 చేతిలో పెడతారు. అదీ నవ్వుతూ, సంతకం తీసుకుని.

ఎవరు చేశారయ్యా ఇది అంటే జవాబు దొరకదు. హెచ్ఆర్ వాళ్లు మార్కెట్లో అందరూ ఇంతే అంటారు. మెయిన్ కాంట్రాక్టరు, వాళ్లు మా లేబరు కాదు, కూలీలను సప్లయి చేసే కంపెనీ వాళ్లంటాడు. ఆడిటరు అంకెలు కలిశాయా అని చూస్తాడు. కలుస్తాయి, కలిసేలాగే కదా రాసింది!

2016లో ఆఫర్ లెటరు పనివాడికి తెలిసిన భాషలో ఇవ్వాలన్న నిబంధన వచ్చింది. అరబిక్, ఇంగ్లిష్‌తో కలిపి 11 భాషలు పెట్టారు. మలయాళం, తమిళం ఉన్నాయి, సింహళం కూడా ఉంది. జగిత్యాల, నిజామాబాద్ నుంచి ఇంతమంది వస్తున్నా తెలుగు పెట్టలేదు. ఏజెంటు తొందరపెడుతుంటే మనోళ్లు హిందీ కాపీ మీద సంతకం పెట్టేస్తారు.

మొన్న మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. "మామా, పన్నెండు వందలట, రావాల్నా?"

"ముందు బేసిక్ ఎంతనో అడుగురా."

అడిగితే ఏజెంటు నవ్వాడట, ఇప్పటిదాకా ఎవ్వరూ అడగలేదని. మళ్లీ పోయి అడగమన్నాను, ఈసారి కాగితం మీద రాసిమ్మని.